దుష్ఫలితాలున్న పాఠం

రాజధానిలో ఒక పెద్దాయనకి జ్వరమొచ్చింది. మాత్రల డబ్బాలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది చూడండి, ఈ మందు వల్ల కళ్ళు తిరగవచ్చు, దద్దుర్లు రావచ్చు అని చీమ తలకాయంత అక్షరాలతో. దాన్ని లోకంలో ఎవరూ చదవరు. ఆయన చదివాడు. చదివి మంచం మీద లేచి కూర్చున్నాడు. ఒక మాత్ర మింగించడానికి ఇంత పరీక్ష చేస్తున్నారే, మరి కాలేజీల్లో పిల్లల నెత్తిన రోజూ పాఠాలు కుమ్మరిస్తున్నారు గదా, వాటిని ఎవరు పరీక్ష చేశారు?

జ్వరం తగ్గింది. ప్రశ్న తగ్గలేదు. మామూలు మనిషయితే పెళ్ళాం వేడి చారన్నం పెట్టి పడుకోబెట్టేది. ఈయన పదవిలో ఉన్న మనిషి కాబట్టి ప్రశ్న ఉత్తర్వయి కూర్చుంది.

"పాఠ్యసామగ్రి మెరుగుదల కార్యశాలయందు పరీక్షింపబడి, నిరపాయకరమని ధ్రువీకరింపబడని ఏ పాఠమునూ ఇకమీదట విద్యార్థులపై ప్రయోగించరాదు. అతిక్రమించిన అధ్యాపకులపై తగు చర్య గైకొనబడును."

ఈ ఉత్తర్వు నీలాటివలస ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు మీదకి జనవరిలో ఎక్కింది. దాని ముందు బోనెల గౌరీశ్వరి చాలాసేపు నిలబడిపోయింది. ఆవిడ ఫిజిక్సు చెబుతుంది, కాంట్రాక్టు లెక్చరరు. కాంట్రాక్టు అంటే ప్రతి ఏడూ మార్చి నెలాఖరున ఉద్యోగం పోతుంది, ఏప్రిల్లో దయ ఉంటే మళ్ళీ వస్తుంది. మొదటి సంవత్సరం పిల్లలకి ధ్వని పాఠాలు ఇంకా మొదలే కాలేదు. మార్చిలో పరీక్షలు. ఆవిడ ఉత్తర్వుని కిందనుంచి పైకి కూడా చదివింది, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

పక్కన తెలుగు చెప్పే జోగారావు మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అన్నాడు:

"ఏటమ్మా గౌరీ, ముప్పై ఏళ్ళుగా నేను చెప్పిన పాఠాల వల్ల ఎవరైనా పోయారేటి?"

"పోలేదు గానీ మాస్టారూ, బతికారని రుజువు లేదంట. అదీ వాళ్ళ బాధ."

---

కార్యశాల నడపడానికి కేంద్రం నుంచి డాక్టర్ చిత్తరంజన్ గారు దిగారు. పల్చటి మనిషి, తెల్ల కోటు. మీరు ఏం డాక్టరండీ అని ప్రిన్సిపాలు సన్యాసినాయుడు గారు అడిగితే, "బోధనా నాణ్యతలో" అని సెలవిచ్చారు. మరి కోటెందుకంటే, "క్రమశిక్షణ కొరకు" అన్నారు.

పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. సెలవని అనలేదు. సెలవిస్తే లెక్క చెప్పాలి. "నిరీక్షణ కాలం" అన్నారు. లెక్చరర్లందర్నీ సెమినారు హాల్లో బెంచీల మీద కూర్చోబెట్టారు.

"మిత్రులారా, ఇప్పటివరకు మనము పాఠమును నేరుగా మానవ విద్యార్థికి ఇచ్చుచుంటిమి. ఇది ప్రమాదకరము. ఇకపై ప్రతి పాఠమును ముందుగా అధ్యాపకులపై ప్రయోగించెదము. వారికి ఏమియూ కాకున్నచో, అప్పుడు విద్యార్థికి ఇచ్చెదము."

"మేం మానవులం కామా సార్?" అన్నాడు వెనక బెంచీలోంచి కామర్సు లెక్చరరు శిమ్మన్న.

"మీరు అలవాటుపడిన వారు," అన్నారు చిత్తరంజన్ గారు. నిజమే గదా అని అందరూ తలలూపారు.

పద్ధతి తేలికే. ఒక లెక్చరరు పాఠం చెప్పాలి. మిగతావాళ్ళు ప్రయోగపాత్రులు. చిత్తరంజన్ గారు పక్కన కుర్చీ వేసుకుని దుష్ఫలితాలు రాసుకుంటారు. ముందు జోగారావు మాస్టారు లేచి ఛందస్సు చెప్పాడు. పావుగంటకి శిమ్మన్న తల బెంచీకి ఆనింది. అరగంటకి హాలు హాలంతా గుర్రు. గౌరీశ్వరి ఒక్కతే తొడ గిల్లుకుంటూ మేలుకుని ఉంది, పాపం మాస్టారు ఏమనుకుంటాడోనని. మాస్టారికి చెమటలు పట్టేశాయి. అయిపోయింది నా పరువు అనుకున్నాడు.

చిత్తరంజన్ గారు లేచి చేయి కలిపారు. "అత్యుత్తమము! ఒక్క దుష్ఫలితము లేదు."

"అందరూ పడుకున్నారు కదండీ?"

"నిద్ర దుష్ఫలితము కాదండీ. పాఠము ఒంటికి పట్టినదనుటకు గుర్తు. చంటిబిడ్డ పాలు తాగి పడుకొనదా?"

"మరి దుష్ఫలితం అంటే ఏటండీ?" అంది గౌరీశ్వరి.

ఆయన గొంతు తగ్గించారు. "ప్రశ్న. పాఠము ముందు ప్రశాంతముగా ఉన్న మనిషికి, పాఠము తరువాత సందేహము కలిగినదనుకోండి. అనగా ఏమి? ఆ పాఠము అతనిలో లేని అస్వస్థతను పుట్టించినది. అట్టి పాఠమును పిల్లలకి ఎట్లు ఇచ్చెదము?"

మాస్టారి పాఠానికి మొదటి ధ్రువపత్రం వచ్చింది. ఆయన దాన్ని ఎవరి కంటా పడకుండా మడిచి జేబులో కుక్కుకున్నాడు.

---

గౌరీశ్వరి వంతు వచ్చింది. ఆవిడ అనునాదం చెప్పాలి, అంటే ఒకటి మోగితే దానికి సరిపోయేది తోడుగా గట్టిగా మోగడం. హాస్టల్లోంచి నిలువెత్తు నీళ్ళ డ్రమ్ము దొర్లించుకొచ్చి నింపింది. రెండు వైపులా తెరిచి ఉన్న ప్లాస్టిక్ గొట్టం అందులో నిలువునా ముంచింది. శృతిదండాన్ని చెప్పు అడుగున ఠక్కుమని కొట్టి గొట్టం మూతి మీద పట్టింది. శృతిదండం అంటే రెండు కొమ్ముల ఇనప ముక్క, కొడితే సన్నగా కూస్తుంది, దోమంత. గొట్టాన్ని నీళ్ళలోంచి మెల్లగా పైకి లేపింది. లేపుతూ లేపుతూ ఉంటే ఒకచోట, ఒక్కచోటే, ఆ దోమ కూత భోరుమని హాలంతా నిండిపోయింది.

శిమ్మన్న ఉలిక్కిపడి లేచాడు. "ఓలమ్మో! ఏటది? మైకెక్కడ పెట్టావు తల్లీ?"

చిత్తరంజన్ గారి కలం కదిలింది. ప్రశ్న. ఒకటి కాదు, రెండు.

పాఠం తప్పింది. మెరుగుపరచమని సలహాలిచ్చారు. డ్రమ్ము బదులు డ్రమ్ము బొమ్మ చూపాలి. శబ్దం బదులు "శబ్దము వచ్చును" అని రాయాలి. చెప్పు వాడరాదు. గౌరీశ్వరి నోరు నొక్కుకుని బొమ్మ గీయించింది. రెండోసారి బొమ్మతో చెప్పింది. అంతా నిద్రపోబోతున్నారు, ఇంతలో శిమ్మన్న, "బొమ్మ బాలేదు గానీ, మొన్నటి డ్రమ్మేదమ్మా?" అన్నాడు. మళ్ళీ ప్రశ్న. మళ్ళీ తప్పింది.

"శిమ్మన్నా, నీకు దండం పెడతాను, ఇంక నోరు మూసుకో," అంది బయటికొచ్చాక.

"నేనేం చేసేది? కామర్సు చదువుకున్నోణ్ణి, నాకు ఆశ్చర్యాలు అలవాటు లేవు."

మూడోసారికి అసలు చిక్కు వచ్చింది. ఒకే పాఠం రెండుసార్లు ఎక్కిన ఒంటిమీద మూడోసారి పనిచేయదని, లెక్చరర్లకి గౌరీశ్వరి పాఠం పట్ల నిరోధక శక్తి వచ్చేసిందని చిత్తరంజన్ గారు తేల్చారు. కొత్త ప్రయోగపాత్రులు కావాలి.

---

ఆ సాయంత్రం ఆవిడ సైకిల్ స్టాండు దాటుతుంటే పిల్లలు చుట్టుముట్టారు. నిరీక్షణ కాలం గదా, ఇళ్ళ దగ్గర నిరీక్షించలేక ఇక్కడికే వస్తున్నారు. ముందుంది మజ్జి హిమబిందు. నోటికి జడుపు లేని పిల్ల.

"మేడం, మాకు పరీక్షలు మటుకు ఆగవంట గదా. ప్రశ్నపత్రానికి ఎవరూ పరీక్ష పెట్టరేటి?"

"పెట్టరమ్మా. అది పైనుంచి వస్తుంది."

"పోనీ ఇక్కడ చెప్పీండి మేడం. బేగి చెప్పీండి. ఎవరికీ చెప్పం."

గౌరీశ్వరి అటూ ఇటూ చూసింది. సైకిళ్ళ మధ్య నేల మీద తరంగం గీత గీసింది, చిన్న కర్రపుల్లతో. అంతే, వెనకనుంచి దగ్గు వినపడింది. సన్యాసినాయుడు గారు.

"ఏవమ్మా, లైసెన్సు లేని మందు రోడ్డు మీద అమ్ముతున్నావా?" ఆయన చెడ్డవాడు కాదు. భయస్తుడు. మన కాలేజీలని చెడ్డవాళ్ళు ఎప్పుడూ పాడుచెయ్యలేదు, ఈ రకం మంచివాళ్ళే పాడుచేశారు. "నీ మంచికే చెప్తున్నాను. మార్చి నెలాఖరుకి ఒక్క ధ్రువపత్రమైనా లేకపోతే నీ కాంట్రాక్టు కాగితం మీద నేను సంతకం పెట్టలేను. పైనుంచి స్పష్టంగా రాశారు. మిగతావాళ్ళందరికీ వచ్చేశాయి. నువ్వొక్కదానివే మిగిలావు."

"పాత్రులు లేరంటున్నారు గదండీ. ఎవరి మీద పరీక్షించమంటారు?"

"అది నాకేం తెలుసు? ఎవర్నైనా తెచ్చుకో. మనుషులైతే చాలు, విద్యార్థులు కాకూడదు."

గౌరీశ్వరి పిల్లల వంక చూసింది. పిల్లలు ఆవిడ వంక చూశారు.

"సార్," అంది మెల్లగా, "వీళ్ళు విద్యార్థులుగా కాకుండా ప్రయోగపాత్రులుగా వస్తే?"

సన్యాసినాయుడు గారు ఆలోచనలో పడ్డారు. నిబంధన విద్యార్థులపై ప్రయోగించరాదంది. ప్రయోగపాత్రులపై ప్రయోగించరాదని ఎక్కడా అనలేదు. పాపం ఆయన మొహం ఎన్నాళ్ళకో వెలిగింది. "యూనిఫాం వేసుకురాకండి," అన్నారు.

---

అలా పిల్లలు సొంత కాలేజీలోకి దొంగదారిన కాకుండా రాజమార్గాన వచ్చారు. చిత్తరంజన్ గారు మురిసిపోయారు. మానవులపై ప్రయోగమంటే కేంద్రంలో ఆయన పేరు మోగిపోతుంది. నర్సుని పిలిపించి పిల్లలందర్నీ పాఠానికి ముందు తూకం వేయించారు, తర్వాత మళ్ళీ తూకం. జ్ఞానం ఎక్కినట్టు బరువులో తేడా తెలుస్తుందేమోనని. పోలినాయుడనే కుర్రాడు మధ్యలో పకోడీలు తినొచ్చి ఆ రోజంతటికీ అత్యధిక జ్ఞానం సంపాదించినట్టు నమోదయ్యాడు.

తర్వాత పిల్లల్ని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి అసలు పాఠం. రెండో జట్టుకి ఉత్తుత్తి పాఠం.

"ఉత్తుత్తి పాఠం అంటే?" అంది హిమబిందు.

"చూచుటకు పాఠము వలెనే యుండును. లోపల ఏమియూ ఉండదు. రెంటికీ తేడా ఉన్నదా లేదా అని శాస్త్రీయముగా పోల్చవలెను."

ఉత్తుత్తి పాఠం తయారుచేయడానికి ఒక కమిటీ వేశారు. కష్టపడక్కర్లేకపోయింది. అప్పటికే ధ్రువపత్రం పొందిన పాఠాలు అరడజను పైగా ఉన్నాయి. ఒకటి తీసి చెప్పారు. పిల్లలు హాయిగా పడుకున్నారు. కానీ రెండో రోజుకి ఉత్తుత్తి జట్టులో పిల్లలు ఒక్కొక్కరే నీళ్ళు తాగొస్తామని లేచి గౌరీశ్వరి గదిలోకి చేరిపోయారు. నాలుగో రోజుకి ఆ గదిలో చెప్పేవాడు ఒక్కడే మిగిలాడు. ఆయన మాత్రం ఆపలేదు, నిష్ఠాపరుడు.

గౌరీశ్వరి అప్పుడు అసలు పని మొదలెట్టింది. ఒక పాఠం ప్రయోగించేది. పిల్లలు ప్రశ్నలు గుప్పించేవాళ్ళు. కలం రాసుకునేది. పాఠం తప్పేది. "అయ్యో" అనుకుని మర్నాడు ఇంకో పాఠం తెచ్చేది. అదీ తప్పేది. తరంగాలు తప్పాయి. తీగ కంపనాలు తప్పాయి. విస్పందనాలు, అంటే రెండు దగ్గరి కూతలు కలిసి హెచ్చుతూ తగ్గుతూ మోగడం, ఘోరంగా తప్పాయి, ఆ రోజు హిమబిందు ఒక్కతే చిత్తరంజన్ గారి చేతి నొప్పికి కారణమయ్యింది. ఫిబ్రవరి అయ్యేసరికి ధ్వని దాదాపు మొత్తం తప్పుకుంటూ వచ్చి పిల్లల బుర్రల్లో కుదురుగా కూర్చుంది.

ధ్రువపత్రాలొచ్చిన లెక్చరర్లు ఏం చేస్తున్నారంటారా? ధ్రువపత్రమున్న పాఠాలకి గడువు తేదీ ఉంటుందని తర్వాత ఉత్తర్వు వచ్చింది. గడువు లోపల చెప్పేద్దామంటే, పిల్లలంతా గౌరీశ్వరి దగ్గర ప్రయోగపాత్రులుగా ఉన్నారు. మళ్ళీ పరీక్షకి మళ్ళీ కార్యశాల. టీ, బిస్కట్లు, చేతికో సంచీ.

---

ఒక్క అనునాదం మిగిలింది. మార్చి నెల వచ్చేసింది. సన్యాసినాయుడు గారు వరండాలోనే అనేశారు, గొంతు తగ్గించుకోవడం తెలియని మనిషి:

"గౌరమ్మా, రేపే ఆఖరు. చిత్తరంజన్ గారు ఎల్లుండి బండెక్కేస్తారు. రేపు ఒక్క ప్రశ్న కూడా రాకూడదు. వచ్చిందా, నీకు ఈ కాలేజీ లేనట్టే. ఆ బొమ్మతో చెప్పు. డ్రమ్ము వద్దు."

 గౌరీశ్వరి ఇంటికెళ్ళి బొమ్మ తీసి చూసింది. డ్రమ్ము బొమ్మ, గొట్టం బొమ్మ, "శబ్దము వచ్చును". దీన్ని చూపిస్తే ఉద్యోగం ఉంటుంది. దీన్ని చూపిస్తే ఆ పిల్లలు ఆ భోరుమనే మోత బతుకులో వినరు, రాసుకుంటారు. ఆవిడకి ఒళ్ళు మండింది. బొమ్మని చుట్టచుట్టి బియ్యం డబ్బా వెనక పడేసింది.

తెల్లారి ఆవిడ వచ్చేసరికి పిల్లలు ముందే కూర్చున్నారు. చేతులు కట్టుకుని, బుద్ధిమంతుల్లాగ. అది చూసి ఆవిడకి భయమేసింది.

"ఏటైందిరా మీకు?"

హిమబిందు లేచింది. "మేం విన్నాం మేడం. నిన్న సారు అన్నది. ఇయ్యాల మాలో ఎవరూ నోరు తెరవరు. తెరిస్తే నేను పళ్ళూడగొడతానని చెప్పేను. మీరు డ్రమ్ముతోనే చెప్పండి. మేం చచ్చినా ఏటీ అడగం."

"అడగకుండా ఉండగలవా నువ్వు?"

"ఇదిగో, జీడిబెల్లం తెచ్చుకున్నాం మేడం, అందరం. నోట్లో పెట్టుకుంటే దవడలు విడవవు."

చిత్తరంజన్ గారు కుర్చీ జరుపుకుని, కలం విప్పి కూర్చున్నారు. పక్కన సన్యాసినాయుడు గారు డ్రమ్ముని చూసి నుదురు కొట్టుకున్నారు.

గౌరీశ్వరి చెప్పు తీసింది. శృతిదండం కొట్టింది. గొట్టం పైకి లేపింది. భోరున మోగింది.

పిల్లల కళ్ళు పెద్దవయ్యాయి. పోలినాయుడి చెయ్యి తనంతట తాను సగం పైకి లేచింది, పక్కవాడు పట్టుకుని కిందకి లాగాడు. హిమబిందు మొహం ఎర్రగా కందిపోయింది, కళ్ళమ్మట నీళ్ళు. జీడిబెల్లం వెనక ప్రశ్న కొట్టుకుంటోంది. ఎవ్వరూ మాట్లాడలేదు. గౌరీశ్వరి గాలి ఎలా కదులుతుందో చెప్పింది, తరంగం వెళ్ళి నీటికి తగిలి ఎలా తిరిగొస్తుందో చెప్పింది. సరిగ్గా ఆ పొడవు దగ్గర వెళ్ళేదీ వచ్చేదీ ఒకదానికొకటి ఎలా భుజం కలుపుతాయో చెప్పింది. హాలు నిశ్శబ్దం. అయిపోయింది. గట్టెక్కింది. సన్యాసినాయుడు గారు జేబులోంచి సంతకం పెన్ను తీశారు.

"మరింత పైకి లేపిన, మళ్ళీ మోగునా?"

అందరూ తిరిగి చూశారు. పిల్లలెవరూ కాదు.

చిత్తరంజన్ గారు కుర్చీలోంచి సగం లేచి ఉన్నారు. కలం కింద పడిపోయింది. ఆయనకే తెలియదు తను మాట్లాడినట్టు. తెలిసేసరికి మొహం పాలిపోయింది, నాడి చూసుకున్నారు.

"మోగుతుంది సార్," అంది గౌరీశ్వరి. "ఇప్పుడున్న దానికి మూడింతల దగ్గర. మీరే లేపండి."

"నేనా? నిబంధనలు..." అంటూనే ఆయన డ్రమ్ము దగ్గరికి వచ్చేశారు. తెల్ల కోటు చేతులు మడిచారు. గొట్టం పట్టుకుని లేపారు, లేపారు, నీళ్ళు కోటు మీద కారుతుంటే ఇంకా లేపారు. మోగింది. ఆయన నవ్వారు. అంతవరకు ఆ మనిషికి పళ్ళున్నాయని ఎవరూ చూడలేదు. "మళ్ళీ కొట్టండి, మళ్ళీ కొట్టండి! ఎందుకు మూడింతలు? రెండింతలు ఏల కాదు?"

జీడిబెల్లాలు ఉమ్మేసి పిల్లలంతా ఒక్కసారి అరిచారు. ఎవడు ఏం అడిగాడో దేవుడికి తెలియాలి.

---

ఆ మధ్యాహ్నం చిత్తరంజన్ గారు ప్రిన్సిపాలు గదిలో తడి కోటుతో కూర్చుని తల పట్టుకున్నారు.

"ప్రయోగపాత్రులకు ఏమియూ కాలేదు. పరిశీలకునికి సోకినది. ఇట్లు జరుగునని నియమావళి ఊహించలేదు. తప్పినదని వ్రాసిన, ఎవరికి వచ్చెనని అడిగెదరు. నా పేరు వ్రాయవలెను. నెగ్గినదని వ్రాసిన, అబద్ధము."

"మరి నా సంగతేటండీ?" అంది గౌరీశ్వరి.

ఆయన చాలాసేపు ఆలోచించి ఒక మార్గం కనిపెట్టారు. మందుల్లోనే ఉంది. మామూలు మందు ఎవరైనా అమ్ముతారు. కొన్నింటిని మటుకు తెలిసినవాడి చేత్తోనే ఇవ్వాలి. వారం తిరక్కుండా కేంద్రం నుంచి ఉత్తర్వు దిగింది:

"నీలాటివలస కళాశాలయందలి భౌతికశాస్త్ర పాఠములు తీవ్ర ప్రభావము గలవిగా వర్గీకరింపబడినవి. వీనిని సుశిక్షితురాలైన శ్రీమతి బోనెల గౌరీశ్వరి స్వహస్తములతో మాత్రమే విద్యార్థులకు ఇవ్వవలెను. ఆమె లేనిచో సదరు పాఠములు అజాగ్రత్తగా పడియుండి ఎవరికైనా సోకు ప్రమాదమున్నందున, ఆమె సేవలను విరామము లేకుండ కొనసాగించవలెను. తరగతి ద్వారమున హెచ్చరిక ఉంచవలెను."

విరామం లేకుండా. కాంట్రాక్టు లెక్చరరుకి అలాంటి మాట రాష్ట్రంలో ఎవరూ విని ఉండరు. సన్యాసినాయుడు గారు దాన్ని రెండుసార్లు చదివి సంతకం పెట్టేశారు. అర్థం కాకపోయినా పైనుంచి వచ్చింది గదా. ఎర్ర రంగుతో బోర్డు కూడా రాయించారు:

"జాగ్రత్త! ఈ గదిలో పాఠము చెప్పబడుచున్నది."

మర్నాడు జోగారావు మాస్టారు ఆ బోర్డు ముందు నిలబడి చేతులు వెనక్కి కట్టుకుని ఒకటికి పదిసార్లు చదివాడు. లోపలినుంచి పిల్లల గోల. గౌరీశ్వరి బయటికి వస్తే చెవి దగ్గర చిన్నగా అన్నాడు:

"అమ్మా గౌరీ. రిటైరయ్యేలోగా నా గదికీ ఇలాంటిది ఒకటి రాయించి పెట్టించకూడదూ?"

"దానికి ఒక్క ప్రశ్నయినా రావాలి మాస్టారూ. రూలు."

 మాస్టారు లైబ్రరీ వైపు నడిచాడు. ఆయన పాఠం కోసం పుస్తకం తెరవడం, ఆ కాలేజీలో చేరాక అదే మొదలని శిమ్మన్న చెబుతాడు.